నడిమి పలక

రామన్నపేట నుంచి మా తమ్ముడు రాసిన కార్డులో ఆ సంగతి అన్నిటికంటే చివర ఉంది. వానల గురించి, ఈనిన బర్రె గురించి, బాపు మోకాళ్ళ నొప్పుల గురించి కార్డంతా నింపేసి, చోటు చాలక అంచున నిలువుగా రాశాడు: "మేస్త్రి చాచా పోయిండు. శుక్రవారం మట్టి చేసిండ్రు." కార్డు అడ్డంగా తిప్పి చదవాల్సి వచ్చింది. మా ఆయన "ఏందట, అందరు మంచిగున్నరా?" అని అడిగితే "బర్రె ఈనిందట" అన్నాను.

చూశారా, చచ్చిపోయాడని తెలిసిన రోజున కూడా ఆ మనిషి విషయంలో నా నోటికి నిజం రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచి చెప్పాలంటారు. ఆయన మంచి చెప్పాలంటే నా చెడు చెప్పక తప్పదు. చదివేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

ఆయన మా పుట్టింటి ఊళ్ళో వడ్రంగి. ముసల్మాను. పెద్దలు మేస్త్రి అని పిలిచేవాళ్ళు, పిల్లలం చాచా అనేవాళ్ళం, రెండూ కలిసి మేస్త్రి చాచా అయ్యాడు. నేను పడుకున్న తొట్టె ఆయన చేసిందే. మా ఇంట్లో తలుపులు, మంచాలు, ధాన్యం పోసే పెట్టె అన్నీ ఆయన చేతివే. పని ఉన్నప్పుడు మా వాకిట్లోనే దుకాణం పెట్టేవాడు. చెవి మీద పెన్సిలు ముక్క, మెడలో ఎర్రగళ్ళ తువ్వాల. ఏ కట్టె అయినా సరే, రంపం పెట్టే ముందు వేలి కణుపులతో రెండు దెబ్బలు కొట్టి చెవి ఆనించేవాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. "ఎండిందా లేదా కట్టెనే చెప్తది బిడ్డా. మనిషి లెక్క అబద్ధమాడది" అనేవాడు. రంపం లాగేటప్పుడు పలక కదలకుండా నన్ను దాని మీద కూర్చోబెట్టేవాడు. ఏడేళ్ళ పిల్ల బరువెంత? అయినా నేను లేకపోతే ఆ పని జరగదన్నట్టు మాట్లాడేవాడు. కోత అయిపోగానే "ఇగ దిగు బిడ్డా, నీ పని అయింది" అనేవాడు. నేను రాణిలా దిగేదాన్ని.

ఆయన చాయ్ తాగే కప్పు మా ఇంట్లో వేరు. అరుగు పక్కన గూట్లో బోర్లించి ఉండేది. మా అమ్మ పైనుంచి పోసేది. తాగాక ఆయనే కడిగి మళ్ళీ బోర్లించేవాడు. ఎందుకని నేను ఒక్కనాడూ అడగలేదు. ఆ గూటికి చిన్న తలుపు చేసి బిగించింది కూడా ఆయనే. అది తలుచుకుంటే ఇప్పుడు నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపిస్తుంది.

పెళ్ళయి నల్లగొండ వచ్చాను. మా ఆయన ఓవర్సీరు. పంతొమ్మిది వందల అరవై ప్రాంతంలో ఆయనకు ఒక పిచ్చి పట్టింది. డాక్ బంగళాలో లాగితే పెరిగే డైనింగ్ టేబుల్ చూసి వచ్చాడు. మామూలు రోజుల్లో నలుగురికి సరిపోతుంది. చుట్టాలొస్తే రెండు వైపులా పట్టి లాగితే మధ్యలో ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో ఇంకో పలక వేస్తే ఎనిమిది మంది కూర్చోవచ్చు. "మనింట్ల గూడ గసొంటిది ఉండాలె" అన్నాడు. అప్పటిదాకా మేము పీటలేసుకుని నేల మీద తిన్నవాళ్ళమే. మా అత్తమ్మ "బల్ల మీద బువ్వ పెట్టుకొని తింటరా? గదేం చోద్యం" అని నవ్వింది. పని ఎవరికి ఇవ్వాలన్న మాట వచ్చినప్పుడు మేస్త్రి చాచా పేరు చెప్పింది నేనే. కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన పెద్ద ఇంజనీరును భోజనానికి పిలవాలని మా ఆయన ఆలోచన. అప్పుడు కొత్త క్వార్టర్లు కడుతున్నారు. వాటికి బల్లలు, మంచాలు, తలుపులు కావాలి. "ఆయన మన బల్ల జూసి మెచ్చుకుంటే ఆ పనంత మీ మేస్త్రికే" అన్నాడు మా ఆయన. ఆ మాట నేనే చాచాకు కబురు చేశాను.

ఆయన అట్లాంటి బల్ల ఎన్నడూ చేసినవాడు కాదు. బంగళాకు వెళ్ళి ఆ బల్ల కింద వెల్లకిలా పడుకుని పూటంతా చూశాడు. ఎవరో తాగి పడుకున్నాడని చౌకీదారు లేపబోయాడట. లేచి వచ్చి, "సమజయింది బిడ్డా. పైన సంసారం మామూలుదే, కింద జారే కర్రల్లనే ఉన్నది కత అంతా" అన్నాడు. రామన్నపేటలో తన ఇంటి దర్వాజ కోసం నాలుగేళ్ళుగా అటక మీద ఎండబెట్టుకున్న కట్టె ఉంది. అదే కోసి చేశాడు. "నీ దర్వాజ ఎట్ల మరి చాచా?" అంటే "దర్వాజకు తొందరేమున్నది? ఎత్తుకపోనీకి మా ఇంట్ల ఏమున్నది?" అని నవ్వాడు.

మా నడిమింటి తలుపు ఇరుకు. చేసిన బల్ల అందులోంచి పట్టదు. అందుకని కాళ్ళు, చట్రం, పలకలు అన్నీ విడివిడిగా చేసి, గోనెసంచుల్లో చుట్టి, బస్సు మీద కట్టుకుని వచ్చాడు. మా ఇంట్లోనే రెండు రోజులు కూర్చుని బిగించాడు. ఒక్కొక్క కర్రను ఇంకో కర్రలోకి దింపేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. దిగాక "హా" అనేవాడు. రెండో రోజు మధ్యాహ్నానికి బల్ల నిలబడింది. ఒక వైపు చూపుడు వేలు పెట్టి లాగితే ఆ వేలితోనే వచ్చేసింది. నడిమి పలక వేసి చూపించాడు, తీసి చూపించాడు. వేసినప్పుడు అతుకు ఎక్కడో కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమితే నాకు దొరకలేదు.

కానీ పని పూర్తి కాలేదు. ఇంజనీరు గారు వచ్చే నెల అన్నవారు, ఈ ఆదివారమే వస్తానన్నారు. వార్నీషు వేసే వ్యవధి లేదు. చాచా నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"బిడ్డా, యాదికుంచుకో. వార్నీష్ పడలె. ఇదిప్పుడు పచ్చి బాలెంత లెక్క. నేనొచ్చి వార్నీష్ ఏసేదాక నీళ్ళ చుక్క తగలనియ్యకు. పొడిబట్టతోని తుడువు, గంతే."

"సరే చాచా."

"ఇంకోటి. నేను నీ మొఖం జూసి ఈ పని పట్టిన. నీ అత్తగారింట్ల నాకు మాట రాకుండ జూడు."

"గదేం మాట చాచా" అన్నాను.

తర్వాత కొంచెం మొహమాటంగా ఇంకొకటి అడిగాడు. "మా వుస్తాద్ నేర్పిన పద్ధతొకటి ఉన్నది. మేజ చేసినోడు ముందుగాల్ల దాని మీద ఒక బుక్క తినాలె. మోచెయ్యి ఆనిచ్చి తినాలె. పక్కన గిన్నె నిండ నీళ్ళు పెట్టాలె. నీళ్ళు కదిలినయంటే పని గాలేదన్నట్టు. తినొచ్చునా బిడ్డా?"

అడిగాడు, గమనించండి. తన చేత్తో చేసిన బల్ల మీద ఒక్క ముద్ద తినడానికి నన్ను అడిగాడు. నేను "తిను చాచా" అన్నాను. కానీ గిన్నె వంటింట్లోంచి తేలేదు. పెరట్లో మొక్కలకు నీళ్ళు పోసే సొట్టల సత్తుగిన్నె కడిగి తెచ్చాను. ఆయన దాన్ని అంచుదాకా నింపి పెట్టుకుని, మూటలోంచి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తీసి, మోచెయ్యి ఆనించి నిదానంగా తిన్నాడు. కళ్ళు మాత్రం నీళ్ళ మీదనే ఉన్నాయి. ఒక్క అల కూడా లేవలేదు. "జూసినవా?" అని చిన్నపిల్లవాడిలా నవ్వాడు. రొట్టె ముక్కలు ఒక్కటీ పడకుండా తువ్వాలతో ఎత్తుకుని, నాలుగింటి బస్సుకు వెళ్ళిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, నేను బిందె ఎత్తుకున్నాను.

మన ఇళ్ళల్లో తిన్న చోట నీళ్ళు పెట్టి శుద్ధి చేయడం పుట్టినప్పటినుంచీ చేతికి అలవాటు. ఎంగిలి ఎవరిదైనా ఎంగిలే, నేను చేసేది రోజూ చేసేదే అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నా పిల్లలు తిన్న చోట చెంబెడు నీళ్ళు చల్లి గుడ్డ పెట్టేదాన్ని. ఆ రోజు మూడు బిందెలు పోశాను. ఒకటి పోస్తే మనసు ఒప్పలేదు, రెండోది పోశాను. రేపు ఇంజనీరు గారు ఇక్కడ తినాలి గదా అని మూడోది పోశాను. ఆయన ముట్టుకున్నాడని నడిమి పలక కూడా కడిగి గోడకు ఆనించాను. నీళ్ళు బల్ల మధ్య సందులోంచి కిందికి, ఆ జారే కర్రల్లోకి దిగుతుంటే చప్పుడు వినిపించింది. పచ్చి బాలెంత అన్న మాట గుర్తుకు రాలేదా? వచ్చింది. వచ్చినా పోశాను.

పక్కింటి నుంచి అత్తమ్మ వచ్చి "ఏందే, ఇల్లంత గీ తడి?" అంది.

"రంపంపొట్టు ఉంటే కడిగిన అత్తమ్మా."

"మంచి పని జేసినవ్" అంది.

ఆదివారం పగటిపూట ఇంజనీరు గారు, భార్య, ఇంకో ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. మా ఆయన తెల్లచొక్కా వేసుకుని, అందరి ముందూ బల్ల పెంచి చూపించాలని సిద్ధంగా నిలబడ్డాడు. నలుగురు చూస్తుండగా పట్టి లాగాడు. రాలేదు. నవ్వి, రెండు చేతులతో లాగాడు. రాలేదు. అటువైపు ఒక ఆఫీసరు, ఇటువైపు ఈయన పట్టి లాగితే మూలుగుతూ జానెడు వచ్చి, వంకరగా బిగుసుకుపోయింది. ఆ ఖాళీలో నడిమి పలక పెట్టబోతే ఉబ్బి, ఒక అంచు పైకి లేచి ఉంది. మా ఆయనకు చెమటలు పట్టాయి. వంటింట్లోంచి రోకలి తెచ్చి ఆ అంచు మీద కొట్టాడు. మూల చిట్లింది. ఇంజనీరు గారు వంగి చూసి, "పచ్చి కర్రతో చేశాడండీ మీ మేస్త్రి. ఎవరో గాని మిమ్మల్ని బాగా ముంచాడు" అన్నారు. అందరూ నవ్వారు. నేను పప్పు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. "కాదండీ, నేను నీళ్ళు పోశాను" అనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు.

కబురు పంపితే మర్నాడే వచ్చాడు, పనిముట్ల సంచీ భుజానేసుకుని. అరుగు మీద మా ఆయనతో పాటు ఆఫీసు వాళ్ళు ముగ్గురు ఉన్నారు. వాళ్ళ ముందే మా ఆయన లేచాడు.

"ఏం మేస్త్రీ, మా ఇంటిది చెప్పిందని పని ఇస్తే పచ్చికట్టె అంటగడ్తవా? నా ఇజ్జత్ దీసినవ్ గదయ్యా!"

వడ్రంగిని పచ్చికట్టె పెట్టాడనడం కంటే పెద్ద తిట్టు లేదు. చాచా ముఖం నల్లబడింది. "ఒకసారి జూస్త సాబ్" అని లోపలికి వచ్చి బల్ల కింద దూరాడు. జారే కర్ర మీద అరచెయ్యి పెట్టి చివరిదాకా నిమిరాడు. చెయ్యి వాసన చూసుకున్నాడు. గోడకు ఆనించిన పలక అడుగున నీటి మరక చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను వంటింటి గుమ్మం దగ్గర ఉన్నాను. నా తల దానంతట అదే కిందికి పోయింది. ఆయనకు ఇంకేమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఇప్పుడు చెప్పేస్తాడు అనుకున్నాను. చెప్పాలి కూడా. క్వార్టర్ల పని ఉంది, నలుగురు వింటున్నారు, నలభై ఏళ్ళ పేరు ఉంది. ఆయన అరుగు మీదికి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"తప్పయింది సాబ్. కట్టె జూసుకునుట్ల నాదే తప్పు."

అయినా నేను గుమ్మం దాటలేదు.

నడిమి పలక భుజం మీద పెట్టుకుని "దీన్ని సాపు జేసి తెస్త" అన్నాడు. మా ఆయన "ఏం అక్కర్లేదు, నువ్వు మళ్ళ మా గడప తొక్కకు" అన్నాడు. పలక పట్టుకుని వెళ్ళిపోయాడు. క్వార్టర్ల పని ఇంకెవరికో పోయింది. ఆ అరుగు మీది మాట ఊరంతా తిరిగి, నల్లగొండలో ఆయనకు పచ్చికట్టె మేస్త్రి అని పేరు పడింది. మళ్ళీ ఇక్కడ ఎవరూ పని ఇవ్వలేదు. రామన్నపేటలోనే మంచాల కోళ్ళు చెక్కుకుంటూ ఉండిపోయాడు.

బల్లను ఎట్లాగో నెట్టి మూసేశాము. వార్నీషు ఎవరూ వేయలేదు. పసుపు మరకలు, పప్పు మరకలు పడి నల్లగా అయింది. పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆయన గల్లీ తప్పించుకుని చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. ఒక్కసారి చిట్యాలలో బస్సు మారేటప్పుడు ఎదురుపడ్డాడు. తప్పించుకునే జాగా లేదు.

"మంచిగున్నవా బిడ్డా? పిల్లలు మంచిగున్నరా?"

"ఉన్నరు చాచా."

"మేజ మంచిగున్నదా?"

"ఉన్నది."

"ఎండకాలంల ఒకసారి లాగి జూడు" అన్నాడు. అంతే, బస్సు వచ్చింది.

నేను లాగలేదు. ఎనిమిది ఎండాకాలాలు పోయాయి, ఒక్కసారీ లాగలేదు. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. అది గనక వేలితో వచ్చేస్తే, కట్టె పచ్చిది కాదని తేలిపోతుంది. మరి పాడుచేసింది ఎవరన్న ప్రశ్న వస్తుంది. నా తప్పు ఆ బల్ల లోపల బిగుసుకుని ఉన్నంతకాలం నాకు హాయిగా ఉంది. ఛీ!

కార్డు వచ్చిన మూడో రోజున, బాపును చూసి వస్తానని చెప్పి రామన్నపేట వెళ్ళాను. ఈసారి ఆ గల్లీలోకే వెళ్ళాను. ఊరందరికీ తలుపులు చేసిన మనిషి ఇంటి ముందు నిలబడితే, గుమ్మానికి గోనెపట్టా వేలాడుతూ ఉంది. దర్వాజ లేదు. ఆ దర్వాజ మీద నేను ఎనిమిదేళ్ళుగా అన్నం తింటున్నాను.

ఆయన భార్య చాచీ నన్ను గుర్తుపట్టి, కూర్చోమని చాప వేసింది. నేను ఏడుస్తుంటే ఆమే నన్ను ఓదార్చింది. తర్వాత అటక మీద నుంచి పాత చాదర్‌లో చుట్టిన పలక దింపించింది. విప్పితే, నడిమి పలక. ఉబ్బు పోయి చదునుగా ఉంది. రోకలి దెబ్బకు చిట్లిన మూలలో గోరంత ముక్క అతికి ఉంది.

"ఆ బిడ్డ అడుగుతది, అడిగినప్పుడు ఇయ్యాలె అనెటోడు" అంది చాచీ. "వార్నీష్ గూడ ఎయ్యలె. రెండిటికి ఒక్కపారి ఎయ్యాలె, లేకుంటే రంగు కలవదనెటోడు. నువ్వే పోయి ఇచ్చి రారాదు అని నేనన్న. నేను తీస్కపోతే ఎట్ల పాడయిందని మాట లేస్తది, అత్తగారింట్ల ఆ పిల్లకు మాటొస్తది అన్నడు."

ఆయన నన్ను అడిగింది అదే కదా. మాట రాకుండా చూడమని. నేను చూడలేదు. ఆయన చూశాడు, చచ్చిపోయేదాకా చూశాడు.

బస్సులో కండక్టరు పలక పైన వేయమన్నాడు. వేయలేదు. మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని నల్లగొండ దాకా వచ్చాను. ఇంటికి వచ్చేసరికి మా ఆయన, అత్తమ్మ నడిమింట్లోనే ఉన్నారు. బల్ల అంచుకు వేలు పెట్టి లాగాను. వచ్చేసింది. చప్పుడు కూడా లేదు. పలక దింపాను. దిగి కూర్చుంది.

"గిదెట్ల పట్టిందే?" అన్నాడు మా ఆయన.

చెప్పాను. మూడు బిందెలూ చెప్పాను. ఎందుకు పోశానో కూడా చెప్పాను. పొట్టు కడిగానన్నది అబద్ధమని కూడా చెప్పాను. అత్తమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మా ఆయన చాలాసేపు పలక మూలనున్న ఆ అతుకును వేలితో రుద్దుతూ ఉన్నాడు.

"నలుగురి ముంగట నిలబెట్టి తిట్టిన గదనే ఆ మనిషిని" అన్నాడు.

"నేను చూస్త నిలబడ్డ" అన్నాను.

ఆ రోజు మా అరుగు మీద ఉన్నవాళ్ళూ, మా ఇంట్లో భోంచేసి నవ్వినవాళ్ళూ ఇంకా ఈ జిల్లాలో ఉన్నారు. ఇది వాళ్ళ కంటపడాలనే రాస్తున్నాను. కట్టె పచ్చిది కాదు. నాలుగేళ్ళు ఎండిన కట్టె. నీళ్ళు పోసింది నేను.

అంతా చెప్పాక ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి, మేము రోజూ మంచినీళ్ళు తాగే ఇత్తడి గిన్నె తెచ్చి, అంచుదాకా నింపి నడిమి పలక మీద పెట్టాను. అటూ ఇటూ నల్లబడిన పలకలు, మధ్యలో అది కొత్త కట్టెలా తెల్లగా ఉంది. చాచీ దారిలో తినమని కట్టిచ్చిన జొన్నరొట్టె విప్పి, మోచెయ్యి ఆనించి ఒక ముక్క తుంచుకున్నాను. మా ఆయన ఎదురుగా వచ్చి కూర్చుని ఆయనా చెయ్యి చాపి తుంచుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ బల్ల దగ్గర కూర్చోని అత్తమ్మ, కుర్చీ లాక్కుని, రెండు మోచేతులూ బల్ల మీద మోపింది. ముగ్గురం గిన్నె వైపే చూస్తూ తిన్నాం. నీళ్ళు కదలలేదు.